పట్టా లేని పాటమ్మకు

పాటమ్మా! మర్రినీడల దారిలో మట్టిగొంతుతో పుట్టిన తల్లీ! మొయినాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు దిక్కులా ఊడలు వదిలి నిలబడ్డ తొమ్మిది వందల దాకా మర్రులున్నాయే, అవన్నీ నిన్నెరిగినవే. బీజాపూర్ బాట మీద నిజాముల నాటి ఎడ్లబండ్లకు నీడ పట్టిన చెట్లవి. బండి కింద లాంతరు ఊగుతుంటే, ఎడ్ల మెడల్లో గజ్జెలు ఘల్లుమంటుంటే, బండివాని కంటికి కునుకు రాకుండా నువ్వు రాత్రంతా రాగమై కావలి కాస్తుంటే, కొమ్మలు వంచి విన్న చెట్లవి. రాజులు మారారు, రాజ్యాలు మారాయి, సర్కారు కాగితాల మీద జిల్లాల పేర్లు మారాయి. ఆ నీడలో నీ నడక మారలేదు.

ఎగిలివారంగనే లేస్తావు నువ్వు. చేవెళ్ల అంగడిలో టమాటా డబ్బాలు దిగకముందే, తోటల్లో చేమంతి మంచు దులుపుకోకముందే, ట్రాలీ ఆటోలో ఒకరినొకరు ఒరుసుకుని కూచున్న కైకిలి తల్లుల పెదవుల మీద మేలుకుంటావు. నాటుమడిలో మోకాటి లోతు బురదలో ఒకామె నిన్ను ఎత్తుకుంటుంది, వరసలో పదిమంది నిన్ను అందుకుంటారు. ముందామె గొంతులో ప్రశ్నవు, వెనకవాళ్ల గొంతులో జవాబువు. నడుము వంగినప్పుడు దిగువ స్వరానివి, నారు గుచ్చిన చెయ్యి పైకి లేచినప్పుడు ఎగువ స్వరానివి. నీకక్కడ తబలా లేదు, తంబురా లేదు. బురదలోంచి పాదం ఊడివచ్చే చప్పుడే నీ తాళం. ఒడ్డు మీద సద్దిమూట విప్పే గడియే నీ విరామం.

నిన్నెవరు కట్టారని అడిగితే "మా అత్త పాడేది" అంటుంది ఒకామె. "మా అమ్మమ్మ దగ్గర నేర్చిన" అంటుంది ఇంకొకామె. ఆ అత్త పేరేమిటంటే షాబాదామె అంటారు, శంకర్‌పల్లామె అంటారు, ఫలానా వారి పెద్ద కోడలంటారు. పుట్టిన ఊరు దొరుకుతుంది, మెట్టిన ఇల్లు దొరుకుతుంది, ఆమె పేరు మాత్రం దొరకదు. పహాణీలో లేదు, పాసుబుక్కులో లేదు, గుడి గోడ మీద చెక్కిన చందాదారుల వరసలో లేదు. ఆమె చేసిన నాట్లు గింజలై, గింజలు బువ్వై, బువ్వ ఎవరి ఒంట్లోనో నెత్తురై ప్రవహించాయి. ఆమె గోస మాత్రం నీలో మిగిలింది. గుంట భూమికి కూడా పట్టా లేని మనుషులకు నువ్వే పట్టావు పాటమ్మా! వాళ్లు దున్నిన చెల్కల సరిహద్దులు, వాళ్లు తిన్న దెబ్బల లెక్కలు, వాళ్లు మెచ్చిన మొగిలిపూల వాసనలు, అన్నీ నీలోనే నమోదయ్యాయి.

నీ ప్రాణం డప్పులో ఉంది. వాడకట్టు మొగదల ఇంత వరిగడ్డి, ఇన్ని ఎండాకులు పోగేసి మంట పెడతారు. కట్టె చట్రానికి బిగిసిన తోలును ఆ సెగకు చూపిస్తారు. చెమ్మకు వదులైన తోలు మొదట బొదబొదమంటుంది, గొంతు పూడినట్టు మూలుగుతుంది. సెగ తగిలేకొద్దీ ముడత విప్పుకుంటుంది, నిగనిగలాడుతుంది. పెద్దాయన వేలి కణుపుతో ఒక్కటి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఇంకా కాలే అంటాడు. తిప్పి తిప్పి మళ్లీ చూపిస్తాడు. తోలు మాడకూడదు, వదులుండకూడదు. ఆ రెంటి నడుమ వెంట్రుకవాసి గడియ ఒకటుంది. అది చేతికి తెలుసు, చెవికి తెలుసు, ఏ శాస్త్రగ్రంథానికీ తెలియదు. అప్పుడు కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల ఒక్కసారి పలుకుతాయి. ఆ ఒక్క దెబ్బకు ఊరి కుక్కలు గమ్మున ఊరుకుంటాయి, పిల్లల పాదాలు వాటంతటవే లేస్తాయి, ముసలి గుండె కూడా దరువు మార్చుకుంటుంది. పెండ్లికొక దరువు, పోచమ్మ బోనానికొక దరువు, పాడె లేచేటప్పుడు ఇంకొక దరువు. మనిషిని లోకంలోకి పిలిచేదీ డప్పే, సాగనంపేదీ డప్పే.

ఎన్ని తరాలు వెట్టి చేసిందో ఆ డప్పు! దొర ఊళ్లోకి వస్తే కొట్టాలి, సర్కారు చాటింపైతే కొట్టాలి, పెద్దింట పీనుగు లేస్తే కొట్టాలి. కొట్టిన చేతికి కూలి లేదు, దూరం నుంచి పడేసిన ముద్ద తప్ప. ఆ తోలు మీద పడిన ప్రతి దెబ్బా కొట్టేవాడి వీపు మీద కూడా పడిందనే నేను నమ్ముతాను. ఆ డప్పే, 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక, ఊరవతలి నుంచి ఊరి నడుమకు నడిచి వచ్చింది. అవమానానికి గుర్తుగా మెడలో వేలాడినది ఆత్మగౌరవానికి జెండాగా ఎగిరింది. దించుకున్న తల ఎత్తుకుని కొట్టినప్పుడు డప్పు స్వరమే మారిపోతుందని ఆనాడు తెలుగు నేలంతా విన్నది.

ఏడు సముద్రాల ఆవల నీకొక తోబుట్టువుంది తల్లీ. దాన్ని బ్లూస్ అంటారు. మిసిసిపీ డెల్టాలో, తెల్ల దొరల పత్తి చేలల్లో, నల్లజాతి కూలీల ఎండిన గొంతుల్లో పుట్టింది. ఆఫ్రికా నుంచి గొలుసులతో కట్టి తెచ్చిన మనుషుల మనవళ్లది, మనవరాళ్లది ఆ పాట. బానిసత్వం చట్టంలో పోయినా చేలో పోలేదు. పండిన పత్తిలో పాలు దక్కుతుందన్నారు. ఏడాది చివర దొర ఖాతా పుస్తకం తెరిస్తే అప్పే మిగిలేది. మన జీతగాళ్లను తిన్న నాగువడ్డీని తలచుకుంటే ఆ లెక్క మనకు వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లూ నీలాగే ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకున్నారు. గొడ్డలి దెబ్బకు తాళం కలిపారు, పార దెబ్బకు తాళం కలిపారు, జైలు గొలుసుల చప్పుడుకు కూడా తాళం కలిపారు. స్వరాన్ని ఉన్నచోట ఉండనీయకుండా కొంచెం కిందికి వంచి, అక్కడ వణికించి వదిలారు. ఆ వంపు మనకు కొత్తది కాదు. పీనుగ పక్కన కూచుని మన తల్లులు శోకాలు పెట్టేటప్పుడు, కొడుకు పేరు దగ్గర గొంతు జారే చోటు అదే.

1903 ప్రాంతంలో, మిసిసిపీలోని టట్‌వైలర్ అనే చిన్న రైల్వేస్టేషన్‌లో, రావలసిన రైలు రాక కునికిపాట్లు పడుతున్నాడు డబ్ల్యూ.సి. హ్యాండీ అనే సంగీతకారుడు. పక్కన చినిగిన బట్టల్లో ఒక నల్లమనిషి కూచుని గిటారు తీగల మీద కత్తి అదిమి జరుపుతూ పాడుతున్నాడు. హ్యాండీ ఉలిక్కిపడి లేచాడు. అంత వింత సంగీతం తానెన్నడూ వినలేదని ఆ తర్వాత రాసుకున్నాడు. ఆ దారిలో పాటలు కట్టి, అచ్చు వేయించి, బ్లూస్ పితామహుడనిపించుకున్నాడు. కత్తితో పాట పలికించిన ఆ మనిషి పేరు మాత్రం చరిత్రకెక్కలేదు. పాటమ్మా, మన షాబాదామె, ఆ స్టేషన్ మనిషి ఒకే ఇంటి బిడ్డలు. ఇద్దరి చేతా పాడించావు, ఇద్దరి పేర్లూ గాలికి వదిలావు.

బ్లూస్ పాట 12 కొలతల చట్రంలో తిరుగుతుంది. మన డక్కలి కళాకారుల కిన్నెరకు 12 మెట్లు. ఎక్కడి మిసిసిపీ, ఎక్కడి పాలమూరు! లెక్క కలవడం యాదృచ్ఛికమే అయినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. వెదురు దండెకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు అతికి, తీగ మీటితే కొండ గాలి కూడా కథ చెబుతుంది. పేదలకు గింజలు పంచి దొరల కండ్లలో నలుసైన పండుగ సాయన్నను పాలమూరు ఇంకా మరిచిపోలేదంటే, కిన్నెర మరిచిపోనీయలేదు కాబట్టే. ఆ కిన్నెర పట్టిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. తీగ మీటే వేళ్లు ఇటుకలు మోయాల్సి రావడం మనందరికీ తలవంపు.

నీళ్లతోనూ మీ అక్కచెల్లెళ్లకు చుట్టరికముంది. అనంతగిరి గుట్టల్లో పుట్టి, ముచికుంద అని కూడా పిలిచే మూసీ దిగి వస్తుంది. 1908 సెప్టెంబరులో ఆ మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయిన ఆ రోజున అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు కొమ్మల మీద 150 మందిని తల్లిలా ఎత్తుకున్నది. మళ్లీ అలాంటి రోజు రాకూడదని గండిపేటలో ఉస్మాన్‌సాగర్ కట్టారు, ఈసా నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మన హిమాయత్‌సాగర్ పూర్తయిన 1927లోనే అక్కడ మిసిసిపీ కట్టలు తెగాయి. గ్రీన్‌విల్‌లో నల్ల కూలీలను తుపాకుల నీడలో నిలబెట్టి కట్టలు మోయించారు. తెల్లవాళ్లు పడవలెక్కారు, నల్లవాళ్లు కట్ట మీద మిగిలారు. అంతకు కొన్ని వారాల ముందే బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ వరద గోస పాడి రికార్డు చేసింది. ఇల్లు మునిగిన ప్రతి మనిషీ ఆ పాటను తన పాట అనుకున్నాడు. మట్టి మోసిన చేతులు ఇక్కడా అక్కడా ఒకటే. మన రెండు చెరువుల కట్టల మీద రాళ్లెత్తిన తల్లులు ఏ పాట పాడుకుని ఆ బరువు దించుకున్నారో, ఆ నీళ్లనే అడగాలి.

కదిలిపోవడం నీ రక్తంలోనే ఉంది. డెల్టాలో ట్రాక్టరు తోలిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో రైలెక్కి చికాగో పోయాడు. పల్లెలో ఒంటరిగా మూలిగిన గిటారు అక్కడ కరెంటు తీగకు కట్టుబడి గర్జించింది. ఇక్కడ కొడంగల్ నుంచి, పరిగి నుంచి బస్సులు కదులుతాయి. మన్నెగూడ దాటి, చేవెళ్ల మర్రుల కింద నుంచి, సంకలో పిల్లలు, నెత్తిన మూటలు, కాళ్ల దగ్గర గడ్డపారలతో పట్నం పోతాయి. దేశంలో ఏ డ్యామ్ కట్టినా, ఏ రోడ్డు వేసినా పాలమూరు చేతులు లేకుండా లేవలేదని పేరు. ఆ బస్సు వెనక సీట్లో కూచుని, ఊళ్లో వదిలి వచ్చిన ముసలితల్లిని తలచుకునే మనిషి గొంతు కింద నువ్వు గుటకలు పడతావు. టికెట్ లేని ప్రయాణం నీది.

నిన్ను ఏడుపుపాట అన్నవాళ్లను చూస్తే జాలేస్తుంది. వాళ్లు నీ నవ్వు వినలేదు. నాట్లేస్తూ పటేలు మీసాన్ని వెక్కిరిస్తావు, అత్త కొంగు చాటు తాళంచెవిని వెక్కిరిస్తావు, వానదేవుణ్ణి కూడా వదలవు. బ్లూస్ కూడా అంతే. కన్నీటి అంచు మీద నిలబడి కన్నుగీటుతుంది. బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పేర్చి చుట్టూ తిరుగుతూ చప్పట్ల నడుమ చెప్పుకునే కథల్లో ఎన్నో పుట్టింటికి పోలేని బిడ్డలవే. అయినా ఆ వలయం నిండా వెలుగే. పీర్ల పండుగ నాడు నిప్పుల గుండం చుట్టూ కర్బలా వీరుల శోకాన్ని అచ్చ తెలుగులో పాడుతూ అడుగులేసే పల్లె జనంలో సాయిబు ఎవరో, గొల్ల ఎవరో, మాదిగ ఎవరో మంట వెలుతురుకు తెలియదు. ఎక్కడి యూఫ్రటీసు దాహం, ఎక్కడి మన చెల్కల దాహం! నీ గొంతులోనే ఆ రెండూ కలిశాయి.

అందుకే నీకు భయపడ్డారు దొరలు. గడీ గోడలు ఎత్తయినవే, కానీ నీకు తలుపు అక్కర్లేదు. బండి యాదగిరి బండ్ల వరస కట్టి నైజామును నిలదీసినప్పుడు, సుద్దాల హనుమంతు పసులకాపరి పిల్లగాణ్ణి పలకరించినప్పుడు, తుపాకీ పట్టని ఊళ్లు కూడా సాయుధ పోరాటంలో చేరిపోయాయి. 1980లో 'మా భూమి' సినిమా తెర మీద గొంగడి భుజానేసుకుని, కర్ర చేతబట్టి గద్దర్ ఆ యాదగిరి పాటే ఎత్తుకున్నాడు. చీకటి హాలులో కూచున్న జనం సినిమా చూస్తున్నామన్న సంగతే మరిచారు. 1997 ఏప్రిల్‌లో ఆయన మీద తూటాలు పేలాయి. ఒక తూటా వెన్నులో ఉండిపోయింది. దాన్ని మోస్తూనే 2023 ఆగస్టు దాకా ఆడాడు, పాడాడు. భువనగిరి బిడ్డ, గాయని బెల్లి లలితను 1999లో నరికి చంపారు. గొంతును చంపితే పాట చస్తుందనుకున్నవాళ్లది ఎంత అమాయకత్వం! ఆమె పాడిన ప్రతి ఊరూ ఆ తర్వాత ఆమె గొంతుతో మాట్లాడింది. అమెరికాలో 1939లో బిల్లీ హాలిడే, చెట్లకు వేలాడిన నల్లవాళ్ల శవాల గురించి పాడినప్పుడు రేడియోలు నోరు మూసుకున్నాయి. జనం మూసుకోలేదు.

మొయినాబాద్ మండలం పెద్దమంగళారం బిడ్డ కొండా వెంకట రంగారెడ్డి. ఈ జిల్లా పేరు ఆయనదే. 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం పెట్టినవాళ్లలో ఆయనొకరు. ఆ కాగితం మీది మాటలు నిలబడలేదు. 1969లో తెలంగాణ కోసం పిల్లలు వీధికెక్కారు, తూటాలకు ఒరిగారు. కాగితం మరిచిన మాటను నువ్వు మరువలేదు పాటమ్మా. అటు తర్వాత 2002లో కామారెడ్డిలో ధూంధాం అంటూ గజ్జె కట్టి లేచావు. ఊరూరా మండువాలో, చౌరస్తాలో, కాలేజీ మెట్ల మీద ఆడావు. బడి ముఖం చూడని, పసులు కాసిన, సుతారి పని చేసిన అందెశ్రీ నోట పుట్టిన నువ్వే, 2024 జూన్ 2న రాష్ట్ర గీతానివయ్యావు. చదువు లేని మనిషి కట్టిన పాటకు చదువుకున్న సర్కారు లేచి నిలబడింది. ఇంతకన్న పెద్ద గెలుపు నాకు తెలియదు.

చేవెళ్ల నేల మీద సభలకు లోటు లేదు. 2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి ఇచ్ఛాపురం దాకా నడక మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. ఆ పార్టీ, ఈ పార్టీ అని లేదు, ఏ సభలోనైనా ముందు నిలబడేది నువ్వే. మండుటెండలో రెండు గంటలు జనాన్ని కూచోబెట్టేది నువ్వే. నాయకుడి కారు దుమ్ము లేవగానే మైకు నీ చేతిలోంచి తీసుకుంటారు. ఉపన్యాసం మరునాటికి పాతబడుతుంది, నువ్వు పడవు. ఇంటికి పోయే దారిలో జనం నోట ఆడేది నువ్వే కదా!

ఇప్పుడు నీ నేల గజాల లెక్కన అమ్ముడుపోతున్నది. జంట జలాశయాలకు పది కిలోమీటర్ల చుట్టూ 84 ఊళ్లను కాచిన 111 జీవో 1996 నాటి మాట. 2022లో ఆ కట్టు సడలింది. నాటుమడి ఉన్నచోట ఫామ్‌హౌస్ ప్రహరీ లేచింది. ప్రహరీ లోపల పచ్చగడ్డి పరిచారు. దానికి నీళ్లు పట్టేది ఒకనాడు అదే మడిలో నారు గుచ్చిన చేతులే. పెండ్లి ఊరేగింపులో డీజే డబ్బాలు ఇంటి కిటికీలను వణికిస్తాయి, వాటి పక్కన డప్పు పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడతాడు. రోడ్డు వెడల్పు కోసం మర్రులు గొడ్డలి ముందు నిలబడితే, వాటికోసం కొందరు హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కారు. వాళ్లకు దండం పెట్టాలి. చెట్టుకైతే కేసు వేయవచ్చు. చెట్టు కింద పుట్టిన నీకోసం ఏ గడప తొక్కాలి తల్లీ?

చదువుతున్న అన్నా, అక్కా, మీ ఇంటి గడపే ఆ గడప. నాట్లపాటో, బతుకమ్మ పాటో, శోకమో, జోలపాటో వచ్చిన ముసలమ్మ మీ వాడకట్టులో ఉంటే ఇవాళే పోయి ఆమె పక్కన కూచోండి. ఫోను తీసి పూర్తిగా పాడించుకోండి, నడుమ ఆపకండి. పెండ్లికి డప్పును పిలిస్తే డీజేకిచ్చే సొమ్ముకు తక్కువ కాకుండా ఇవ్వండి. పాట రాసుకున్న కాగితం మీద ఫలానా వారి కోడలని, ఫలానా ఊరామె అని రాసి వదిలేయకండి. ఆమె పేరు అడిగి, ఆ పేరే రాయండి.